చెవితో దిద్దుకో

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. ఊరి నుంచి వచ్చిన మనవణ్ణి చూసి నీ కథలో ముసలమ్మ "నీ ఆగమనం నాకు ఆనందదాయకం" అంటోంది. ఏ అవ్వ అలా అంటుంది? "వచ్చావా నాయనా" అంటుంది. అక్కడే నాకు బైబిలును ఇంగ్లిష్‌లోకి తెచ్చిన విలియం టిండేల్ గుర్తొచ్చాడు.

ఆయన కాలానికి ఇంగ్లండులో బిషప్పుల అనుమతి లేకుండా బైబిలును ఇంగ్లిష్‌లోకి తేవడం నేరం. దేవుని వాక్యం నాగలి దున్నే కుర్రాడికీ తెలియాలన్నది టిండేల్ పట్టుదల. సొంత దేశంలో కుదరక జర్మనీ వెళ్ళాడు. గ్రీకు మూలం నుంచి చేసిన కొత్త నిబంధనను 1526లో వోర్మ్స్‌లో అచ్చు వేయించాడు. దొంగచాటుగా లండన్ చేరిన ప్రతులను అక్కడి బిషప్ తగలబెట్టించాడు.

ఆయన మాటను ఎలా పట్టుకునేవాడో చూడు. బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండంలో ఒక మేక ఉంది. జనం పాపాలన్నీ దాని నెత్తిన పెట్టి అడవిలోకి వదిలేస్తారు. తప్పించుకుపోయే మేక అనే అర్థంలో టిండేల్ దాన్ని 'స్కేప్‌గోట్' అన్నాడు. పల్లెవాడికి తెలిసిన రెండు చిన్న మాటల్ని కలిపాడు, అంతే. ఇప్పుడది క్రికెట్ వార్తల్లోనూ వినిపిస్తుంది. మనం 'బలిపశువు' అంటాం గానీ, ఆ మేకను బలివ్వరు. బలయ్యేది దాని జత మేక. అనువాదకుడివి కదా, ఈ తేడా నీ కంట పడాలి.

1611లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం, కింగ్ జేమ్స్ బైబిలుకు, దాదాపు 47 మంది పండితులు పనిచేశారు. అయినా కొత్త నిబంధనలో చాలాచోట్ల వినిపించేది టిండేల్ గొంతే. ఆ పండితుల్లో ఒకరు అనువాదాన్ని పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వేరే భాషల బైబిళ్ళు పట్టుకుని వినేవారట, తప్పు తోస్తేనే ఆపేవారట. చదువురాని వాళ్ళ నోళ్ళలోనూ ఆ వాక్యాలు నానడానికి ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

టిండేల్ అదేమీ చూడలేదు. 1535లో, ఇప్పటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో పట్టుబడ్డాడు. విల్వోర్డ్ కోట జైలు నుంచి ఆయన రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. తలకు వెచ్చని టోపీ, సాయంత్రాలకు ఒక దీపం, అన్నిటికంటే ముఖ్యంగా హీబ్రూ బైబిలు, వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని అడిగాడు. మర్నాటి ఏడు గొంతు నులిమి చంపి, కాల్చేశారు. పాత నిబంధన పని మధ్యలోనే ఆగిపోయింది. ఆ ఉత్తరం గురించి ఎప్పుడు తలుచుకున్నా నా గొంతు పట్టేస్తుంది.

ఆ ముసలమ్మ పేజీ మళ్ళీ రాయి. రాసి మీ అమ్మమ్మకు చదివి వినిపించు. ఆవిడ "ఏమన్నావురా?" అని అడిగిన చోటల్లా గీత గీసి, దిద్దాక నాకు పంపు.