వేళ్లు చూసి గ్రూపు చెప్పేస్తారా?

ప్రశ్న: మేముండేది గోపాలపట్నం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఏడు దాకా చోడవరం దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియం చదివాడు. ఎనిమిదిలో ఇక్కడ ఇంగ్లిష్ మీడియంలో చేర్చాం. లెక్కల్లో అప్పుడు 80 వచ్చేవి, ఇప్పుడు 50 దాటడం లేదు. ఈమధ్య స్కూల్లో పది వేళ్ల ముద్రలు తీసుకుని ఒక ఫైలు ఇచ్చారు. ఐక్యూ 96, లెక్కల తెలివి తక్కువ, ఎంపీసీ వద్దు అని అందులో ఉంది. అప్పట్నుంచి వాడు లెక్కల పుస్తకం తీయడం లేదు. అడిగితే "నా వేళ్లలోనే లేదంటమ్మా" అంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో ఎంపీసీయే అంటున్నారు. ఐక్యూ పరీక్ష మళ్లీ చేయించమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫైలు సంగతి తేల్చేద్దాం. వేలిముద్రల గీతలు బిడ్డ కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. లోతుగా గాయమైతే తప్ప ఆ తర్వాత మారవు. ఆధార్ మిషన్ మనల్ని గుర్తుపట్టేది అందుకే. మీవాడికి 80 వచ్చినప్పుడూ అవే వేళ్లు, 50 వస్తున్నప్పుడూ అవే వేళ్లు. మరి మార్కులు తగ్గడానికి వేళ్లు ఎలా కారణమవుతాయి?

ఈ వ్యాపారానికి సైన్సు రంగు ఎలా అంటిందో కూడా చెప్తాను. డౌన్ సిండ్రోమ్ లాంటి కొన్ని జన్యు సమస్యలున్న పిల్లల్లో అరచేతి గీతలు కాస్త వేరుగా ఉండొచ్చని డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలుసు. దాన్ని పట్టుకుని, మామూలు పిల్లల వేళ్లు చూసి సంగీతం ఇంత శాతం, లెక్కలు ఇంత శాతం అని చెప్పేదాకా లాక్కొచ్చారు. అలా చెప్పడానికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ ఇదివరకే ప్రకటించింది. మీ ఫైల్లో అమెరికా సైకాలజిస్టు హొవార్డ్ గార్డ్‌నర్ పేరు కూడా ఉండే ఉంటుంది. తెలివి ఒక రకం కాదు, చాలా రకాలు అని ఆయన 1983లో అన్నమాట నిజమే. వేళ్లు చూసి కొలవమని మాత్రం అనలేదు. చిలక జోస్యమైతే తక్కువలో పోయేది.

ఇక ఐక్యూ. మీ బంధువుల్లో టెట్‌కి, డీఎస్సీకి చదివినవాళ్లుంటే బినే పేరు, ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూకి తెలుగు పేరు) సూత్రం కంఠతా చెప్తారు. అయితే పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ 1905లో తెలివిని కొలిచే పరీక్ష తయారుచేసింది తెలివైనవాళ్లను ఏరడానికి కాదు. తరగతిలో వెనకబడే పిల్లల్లో ఎవరికి అదనపు సాయం కావాలో కనిపెట్టడానికి. తెలివి పుట్టుకతో ఎంతుంటే అంతే అనే మాటను బినేయే గట్టిగా కాదన్నాడు. మానసిక వయసును, అంటే ఏ వయసు పిల్లల స్థాయిలో జవాబులిస్తున్నాడో దాన్ని, అసలు వయసుతో భాగించే ఆ సూత్రం 1912లో జర్మన్ సైకాలజిస్టు విలియం స్టెర్న్ చెప్పిన పద్ధతి. ఇప్పుడు అదీ వాడుకలో లేదు. అదే వయసు పిల్లల సగటును 100 అనుకుని, మనవాడు దానికి ఎంత ఇటో ఎంత అటో చూస్తారు. వందమందిలో సుమారు 68 మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. కాబట్టి రేపు నిజం పరీక్షలోనే 96 వచ్చినా మీరు కంగారు పడాల్సిన పనేమీ లేదు. పైగా నిద్ర లేకపోయినా, టెన్షన్ పడినా నాలుగైదు పాయింట్లు ఇటూఅటూ అవుతాయి. పద్ధతిగా రాసిన రిపోర్టులో ఒక్క అంకె కాకుండా 'ఇంత నుంచి ఇంత వరకు' అని ఉంటుంది.

నిజం పరీక్షలో సైకాలజిస్టు పిల్లవాడి ఎదురుగా గంటకు పైగా కూర్చుంటారు. రంగు దిమ్మలు పేర్చమంటారు, అంకెలు చెప్పి వెనక నుంచి అప్పజెప్పమంటారు, మాటలకు అర్థాలు అడుగుతారు. ఈ చివరిదాని దగ్గరే మన పిల్లలు దెబ్బతింటారు. ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడే ఒక అరకు పాప, నేను పరీక్ష పెట్టినప్పుడు మాటల భాగంలో బాగా తడబడింది. దిమ్మలు ఇస్తే నేను గడియారం చూసేలోపు పేర్చేసింది. మొత్తం కలిపిన అంకె ఒక్కటే చూసి ఉంటే ఆ పాప గురించి నాకేం తెలిసేది కాదు. మన దేశంలో సైకాలజిస్టు సి.ఎం. భాటియా 1955లోనే దిమ్మలు, బొమ్మలతో చేసే పరీక్షలు తెచ్చింది భాష, చదువు అడ్డు రాకూడదనే.

మీ ఉత్తరంలో నాకు అసలు కారణంగా కనిపించింది మీడియం మారడం. ఈ ఆదివారం ఒక పని చేయండి. పాత యూనిట్ టెస్టు పేపర్లు నాలుగు తీసి, వాడు తప్పు చేసిన లెక్కల్ని మీరో, వాళ్ల నాన్నగారో తెలుగులో చదివి వినిపించండి. మార్కుల మాట ఎత్తొద్దు. తెలుగులో వింటే చేసేస్తున్నాడంటే వాడికి అడ్డం ఇంగ్లిష్ అన్నమాట, ఆర్నెల్లు కూర్చోబెడితే దారిలో పడుతుంది. అప్పుడూ ఆగిపోతుంటే ఎక్కడ ఆగుతున్నాడో చూడండి. చాలామంది భిన్నాల దగ్గరో, మైనస్ గుర్తుల దగ్గరో ఆగుతారు. అది ఆరు, ఏడు తరగతుల లోటు. తొమ్మిదో తరగతి ట్యూషన్ పెట్టించి లాభం లేదు, ఆ పాత పుస్తకాలే మళ్లీ తీయాలి.

చిన్నప్పట్నుంచీ చదవడం, రాయడం కూడా బాగా కష్టంగా ఉంటేనే పరీక్ష ఆలోచించండి. అప్పుడైనా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే. చినవాల్తేరు మానసిక వైద్యశాలలో అడగొచ్చు. ఆ పేరు వినగానే చుట్టాలు ఏమనుకుంటారో అని మానేయకండి.

గ్రూపు ఎంచుకోవడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి, ఎంపీసీ అని ఇప్పుడే ఒట్టు పెట్టుకోవద్దని. పనిముట్లు, మోటార్లు విప్పి చూసే అలవాటు మీవాడికుంటే పాలిసెట్ రాసి కంచరపాలెం పాలిటెక్నిక్ కూడా చూడొచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్‌తో నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరే వీలుంది.

వాడితో మాత్రం ఈ రాత్రే మాట్లాడండి. ఫైలు తప్పు అని మీరు చెప్తే అమ్మ ఓదారుస్తోంది అనుకుంటాడు. ఏడో తరగతి ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, "అప్పుడు వేరే వేళ్లున్నాయేంట్రా?" అని అడగండి.