కిరాయి బాకీ తీర్చాలంటే ముందు ఆ సంతకం ఆపండి

ప్రశ్న: చంద్రపూర్ బాబుపేటలో 8 ఏళ్లుగా ఒకే ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. కాగితం లేదు, నోటి మాటే. కిరాయి నెలకు 4,500. మా ఆయన బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. కాంట్రాక్టర్ మారి పని ఆగిపోవడంతో 5 నెలల కిరాయి, 22,500 బాకీ పడ్డాం. ఈ నెల నుంచి మళ్లీ పని దొరికింది, 14,000 వస్తుంది. నాకు కుట్టు మిషన్ మీద 9,000. ఇంటి ఓనర్ ఒక మరాఠీ కాగితం తెచ్చాడు. 11 నెలలకు సంతకం పెడితే టైం ఇస్తాడట, లేదంటే కరెంటు కట్ చేసి తాళం వేస్తాడట. తెలిసినాయన ఐదు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు. తీసుకుని కట్టేయమంటారా?

జవాబు: వద్దమ్మా. అప్పు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ కాగితం. దాని మీద ‘లీవ్ అండ్ లైసెన్స్’ అని ఉందేమో మరాఠీ బాగా వచ్చిన వాళ్లతో చదివించండి. 11 నెలలంటున్నాడు కాబట్టి అదే అయ్యుంటుంది. ఇవాళ మీరు కిరాయిదారు. సంతకం పెడితే లైసెన్సుదారు, అంటే రాసిన గడువు వరకే ఉండనిచ్చిన మనిషి అవుతారు. అప్పుడు గడువు దాటి ఒక్క నెల ఉన్నా, నెలకు రెట్టింపు డబ్బు అడిగే వీలు మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం (1999) 24వ సెక్షన్ ఓనర్‌కు ఇస్తుంది. ఖాళీ చేయించడమూ చాలా సులువు. ఐదు నెలల బాకీ కోసం ఎనిమిదేళ్ల హక్కు వదులుకోకండి. కాగితం రాయించి రిజిస్టర్ చేయించడం చట్టం ప్రకారం ఓనర్ బాధ్యత. అది లేదని మీరు భయపడాల్సింది లేదు.

కిరాయిదారుకు అదే చట్టం 15వ సెక్షన్ చాలా టైం ఇస్తుంది. బాకీ కట్టమని ఓనర్ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, ఇచ్చాక 90 రోజులు ఆగాలి. ఆ తర్వాతే కేసు. కోర్టు సమన్లు అందాక కూడా 90 రోజుల్లో బాకీ అంతా, ఏడాదికి 15 శాతం సాధారణ వడ్డీ, కోర్టు ఖర్చులు కట్టేసి, ఆపై నెల నెలా కిరాయి ఆపకుండా కడితే, బాకీ కారణంగా ఖాళీ చేయమనే తీర్పు రాదు. మీకు ఇప్పటిదాకా వచ్చింది నోటి బెదిరింపు మాత్రమే. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం వేయకూడదు, కరెంటు తీసేయకూడదు. (ఈ చట్టం తన షెడ్యూల్లో రాసిన ప్రాంతాలకే వర్తిస్తుంది. రాజురా, సిరోంచా వైపు పల్లెల్లో ఉండేవాళ్లు ముందు అది కనుక్కోవాలి.)

ఇక లెక్క. ఐదు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 60 శాతం. 22,500 మీద నెలకు 1,125, అసలు అలాగే ఉంటుంది. కేసు దాకా వెళ్లినా 15 శాతం లెక్కన నెలకు దాదాపు 281. చవక బాకీ తీర్చడానికి నాలుగింతలు ఖరీదైన అప్పు ఎందుకు?

మీరు పంపిన ఖర్చుల చిట్టాలో తిండికి 8,500, పిల్లల చదువు, ఆటో 2,500, మహిళా గ్రూపు లోన్ కిస్తీ 2,700, భిసీ (చీటీ) 2,000, కరెంటు, ఫోన్లు 1,000. ఈ నెల కిరాయి 4,500 కలిపితే 21,200. మిగిలేది 1,800. అందులో 1,500 పాత బాకీకి. అది ఒక్కటే అయితే తీరడానికి 15 నెలలు పడుతుంది, ఓనర్ అంత ఓపిక పట్టడు. పాపం, అతనికీ ఐదు నెలలుగా రాబడి లేదు.

అందుకే నా కన్ను మీ భిసీ మీద ఉంది. 12 మంది, నెలకు 2,000, ఐదు నెలలు అయ్యాయి, మీరింకా ఎత్తలేదు. ఎత్తితే చేతికొచ్చేది 24,000. మీ బాకీ కంటే ఎక్కువే! వచ్చే నెల వంతు ఎవరిదో వాళ్లను అడిగి మార్చుకోండి. వంతు ఇచ్చినందుకు 500 ఇవ్వాల్సి వచ్చినా, నెలకు 1,125 వడ్డీతో పోలిస్తే ఎంత? ఎత్తాక మాత్రం మిగతా నెలల కంతులు తప్పకండి. ఆ పేరు పోతే మళ్లీ ఎవరూ చేర్చుకోరు. వంతు దొరకలేదు, నోటీసు వచ్చింది అనుకోండి, నెల రోజులు చూసి మెడలో గొలుసు బ్యాంకులో తాకట్టు పెట్టండి. బ్యాంకులో వడ్డీ మామూలుగా రూపాయి అటూ ఇటూ ఉంటుంది. ప్రైవేటు దుకాణానికి వెళ్లకండి.

ఓనర్‌కు ఇచ్చే ప్రతి పైసా ఫోన్‌పేలో వెళ్లాలి, అది ఏ నెల కిరాయో అందులో రాయాలి. కాంట్రాక్టు చట్టం 59వ సెక్షన్ ప్రకారం, కట్టేటప్పుడు మీరు చెప్పిన నెల కిందే జమ చేసుకోవాలి. చెప్పకపోతే అతనికి నచ్చిన నెలకు వేసుకోవచ్చు. చేతికిస్తే రసీదు అడగండి, ఇవ్వడం అతని బాధ్యత (అద్దె నియంత్రణ చట్టం 26వ సెక్షన్). ‘ఈ నెల కిరాయి ఇదిగో, పాత బాకీకి నెల నెలా 1,500, భిసీ రాగానే మిగతాది’ అని ఈ వారమే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి. అతను ఒప్పుకోకపోయినా కట్టడానికి మీరు సిద్ధంగా ఉన్నారనడానికి అది సాక్ష్యం.

చంద్రపూర్ జిల్లా కోర్టులో న్యాయ సేవా ప్రాధికరణ ఆఫీసు ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు, ఫోన్ నంబర్ 15100. ఆ మరాఠీ కాగితం పట్టుకుని వెళ్లండి. నోటీసు ఏదైనా వస్తే కవరుతో సహా దాచి, అందిన తేదీ దాని మీదే రాసుకోండి.