గాల్వేకి వచ్చేముందు ఒకసారి చదువుకో

చిన్నా,

ఆశీస్సులు. జూన్‌లో మీ అత్తగారినీ మామగారినీ ఐర్లండ్ పడమటి ఒడ్డున ఉన్న మా గాల్వేకి తీసుకొస్తున్నావని తెలిసి సంతోషించాను. నువ్వు పంపిన ప్లాన్ కూడా చూశాను. శనివారం క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే సముద్రపు కొండ అంచులు, ఆదివారం కానెమారా, కైల్‌మోర్ ఆబీ, మధ్యలో గాల్వేలో రాత్రి పడక. దీన్ని గాల్వే చూడడం అనరు నాయనా, గాల్వేలో నిద్రపోవడం అంటారు. డబ్లిన్ నుంచి వచ్చేవాళ్ళందరూ ఇదే చేస్తారు. ఊరిని లాడ్జిలా వాడుకుని, బస్సు కిటికీలోంచి అరడజను చోట్లు చూసుకుని, ఫొటోలు పెట్టుకుని వెళ్ళిపోతారు. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఆ కొండ అంచులు క్లేర్ జిల్లాలో ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. ఈసారికి వాటిని వదిలెయ్. రెండు రోజులూ ఊళ్ళోనే నడుచుకుంటూ, ఆగుతూ, తింటూ గడపండి. పెద్దవాళ్ళకి బస్సులో నడుములు పట్టెయ్యవు, నీకూ టెన్షన్ ఉండదు.

కారు తేకు. డబ్లిన్‌లో హ్యూస్టన్ స్టేషన్ నుంచి రైలెక్కితే సుమారు రెండున్నర గంటలు. దిగేది ఊరి నడిబొడ్డునే, ఐర్ స్క్వేర్ పక్కన. రూము మాత్రం కీ స్ట్రీట్ మీద తీసుకోకు. శుక్రవారం, శనివారం రాత్రుళ్ళు ఆ వీధిలో పెళ్ళికి ముందు పార్టీలకొచ్చిన గుంపులు తెల్లవారేదాకా పాడుతూనే ఉంటాయి. రెండు సందులు ఇవతలకి జరిగితే చాలు, ప్రశాంతంగా ఉంటుంది.

బట్టల సంగతి. జూన్ కదా అని మీ అత్తగారు పల్చటి శాలువా ఒక్కటే పెట్టుకుంటారు. గాలి అట్లాంటిక్ మీంచి నేరుగా వచ్చి తగులుతుంది. గొడుగులు తేవద్దు, మొదటి గాలికే తిరగబడిపోతాయి. టోపీ ఉన్న రెయిన్‌కోటు, లోపల స్వెటర్, కాళ్ళకి బూట్లు. చీర కట్టుకున్నా సరే, కింద బూట్లే వేసుకోమను. ఇక్కడెవరూ తిరిగి చూడరు. వాన పడుతోందని రూములో కూర్చోకండి. ఇరవై నిమిషాల్లో వెలుస్తుంది, మళ్ళీ పడుతుంది. వాన ఆగాక బయల్దేరదాం అనుకుంటే ఈ ఊళ్ళో ఎప్పటికీ బయల్దేరరు.

శుక్రవారం సాయంత్రం సామాను పడేసి, ముందు భోంచెయ్యండి. చాలాచోట్ల వంటిల్లు తొమ్మిదికే కట్టేస్తారు. జూన్‌లో సూర్యుడు పది దాటితేగాని అస్తమించడు కాబట్టి, ఇంకా వెలుతురుందిలే అని తిరుగుతూ ఉంటే కడుపు మాడుతుంది. తినేసి ఐర్ స్క్వేర్ నుంచి 401 బస్సెక్కి సాల్ట్‌హిల్‌లో దిగండి. సముద్రం ఒడ్డున పొడుగాటి నడక దారి ఉంటుంది, దాన్నే ప్రామ్ అంటారు. చాలామంది ఊళ్ళోంచి అటు నడిచి, అలిసిపోయి బస్సులో వెనక్కొస్తారు. నువ్వు తిరగేసి చెయ్. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. పడమటి కొసన బ్లాక్‌రాక్ దగ్గర మొదలుపెట్టి ఊరివైపు నడిస్తే గాలి వీపున ఉండి తోస్తుంది. మామగారి మోకాళ్ళకి అదే మేలు. దారి పొడుగునా బెంచీలు ఉంటాయి, కూర్చుంటూ రావచ్చు.

బ్లాక్‌రాక్ దగ్గర పసుపు రంగు డైవింగ్ టవర్ కనిపిస్తుంది. ఆటు మీదుంటే చుట్టూ రాళ్ళూ నాచూ బయటపడి ఉంటాయి. పోటు మీదుంటే పదేళ్ళ పిల్లల నుంచి డెబ్భై దాటిన ముసలాళ్ళదాకా ఆ చన్నీళ్ళలోకి దూకుతుంటారు. వచ్చేముందు ఫోన్‌లో పోటు టైము చూసుకో, అప్పటికి అక్కడుంటే మంచి కాలక్షేపం. అక్కడే, ప్రామ్ చివర ఒక గోడ ఉంటుంది. నడిచినవాళ్ళు దాన్ని ఓసారి కాలితో తన్ని వెనక్కి తిరుగుతారు, అది ఊరి అలవాటు. మీరూ తన్నండి. మీ అత్తగారు గోడని కాలితో తన్నడమేమిటంటారు, ఆవిడకి మినహాయింపు.

సూర్యాస్తమయం కోసం సముద్రం కేసి చూస్తూ నిలబడితే మాత్రం నిరాశే. జూన్‌లో సూర్యుడు వాయవ్యంగా, అంటే మీ వెనక ఇళ్ళవైపు, కొండలవైపు దిగుతాడు. చలికాలంలో అయితే సముద్రంవైపే దిగుతాడు, అది వేరే అందం. ఇప్పుడు చూడాల్సింది అవతలి ఒడ్డు. అఖాతానికి అటుపక్కన బూడిదరంగులో కనిపించేవి బర్రెన్ కొండలు, అంతా సున్నపురాయి. పగలంతా చప్పగా ఉంటాయి. సాయంత్రం ఆ వాలు వెలుగు పడగానే ముందు లేత గులాబీ రంగుకి, తర్వాత ఊదాకి తిరుగుతాయి. అందరూ పడమటి మబ్బులకి ఫొటోలు తీస్తుంటే మీరు దక్షిణం వైపు తిరిగి కూర్చోండి.

ఇక శనివారం. మీ అత్తగారు శనివారాలు నీచు ముట్టరు కదా, అది నువ్వు మర్చిపోయి ఉంటావు. చేపల బేరం ఆదివారానికి పెట్టుకో. శనివారం సెయింట్ నికొలస్ చర్చి పక్క సందులో సంత. ఆ చర్చి 1320 నాటిది. కొలంబస్ 1477లో ఇక్కడికొచ్చి ప్రార్థన చేసుకున్నాడని చెప్పుకుంటారు. సంతలో క్రేపులు, ఫలాఫెల్, అప్పుడే వేయించిన డోనట్లు, ఆలివ్‌లు, చీజ్, జాములు, కూరగాయలు దొరుకుతాయి. పదిన్నరలోపు వెళ్ళండి, పన్నెండయితే నడవడానికి చోటుండదు. ఒక్క దగ్గరే ప్లేటు నింపుకోకుండా, నలుగురూ నాలుగు కొట్ల దగ్గర నిలబడి తలా ఒకటి తెచ్చుకుని పంచుకోండి. కాస్త చిల్లర యూరోలు జేబులో పెట్టుకో.

సంత పక్కనే షెరిడన్స్ చీజ్ కొట్టు. వాళ్ళు 1995లో ఇదే సంతలో బల్ల వేసి మొదలుపెట్టారు. అడిగితే చిన్న ముక్క కోసి రుచి చూపిస్తారు, మొహమాటపడకు. ఒక్క సంగతి మాత్రం అత్తగారి తరఫున నువ్వే అడగాలి. కొన్ని చీజ్‌లు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో తోడేస్తారు. వెజిటేరియన్ రెన్నెట్‌తో చేసినవి ఏవని అడిగితే విడిగా చూపిస్తారు. ఇలాంటివే ఇంకొన్ని చెప్తా, గుర్తుపెట్టుకో. కూరగాయల సూపులో కోడి ఉడికించిన నీళ్ళు పోసి ఉండొచ్చు. కొన్ని చిప్స్ షాపుల్లో బంగాళాదుంపల్ని పశువుల కొవ్వులో వేయిస్తారు, కాబట్టి ఏ షాపులోనైనా సరే ఏ నూనె అని అడిగాకే డబ్బులియ్యి. పొద్దున టిఫిన్‌లో నల్లగా గుండ్రంగా ఇచ్చే పుడింగ్ పంది నెత్తురుతో చేసింది, తెల్లది పంది మాంసంతో. పేరు చూసి స్వీటు అనుకునే ప్రమాదం ఉంది.

మధ్యాహ్నం సాల్మన్ వియర్ బ్రిడ్జి మీదకి వెళ్ళండి. కేథడ్రల్ ఎదురుగా ఉంటుంది. కారిబ్ నది పైనున్న సరస్సులోంచి సముద్రంలోకి ఆరు కిలోమీటర్లే ప్రయాణిస్తుంది గానీ ఆ విసురు చూడాలి. అట్లాంటిక్‌లో పెరిగిన సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఈ నదికి ఎదురెక్కుతాయి. మామగారికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. గోదావరికి ఎర్రనీళ్ళు రాగానే సముద్రంలోంచి ఎదురీదే పులస సంగతి ఆయనకి తెలిసిందే కదా, ఇదీ అలాగే. ఎండ కాస్తే నీళ్ళలోకి తిన్నగా, కాసేపు కదలకుండా చూడమను. ముందు రాళ్ళే కనిపిస్తాయి. కళ్ళు అలవాటు పడ్డాక ఆ రాళ్ళలో కొన్ని తోక ఆడిస్తున్నాయని తెలుస్తుంది, తలలన్నీ ప్రవాహానికి ఎదురుగా ఉంటాయి. పోలరాయిడ్ కళ్ళజోడు ఉంటే ఇంకా బాగా కనిపిస్తాయి. పాత వంతెన మీద కార్లు పోతుంటాయి కాబట్టి పక్కనే 2023లో నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ కట్టిన కొత్త వంతెన ఉంది, పెద్దవాళ్ళని దాని మీద నిలబెట్టు.

రాత్రికి సంగీతం. టీ కోలీ అనే చిన్న పబ్బు ఉంది, లేదా 1894 నుంచీ ఉన్న నాక్టన్స్. పబ్బంటే మీ అత్తగారు ముఖం చిట్లిస్తారు. టీ అడిగినా, ఆరెంజ్ జ్యూస్ అడిగినా ఎవరూ ఏమీ అనుకోరని చెప్పు. మూల బల్ల చుట్టూ ఫిడేలు, వేణువు, అకార్డియన్ వాయించేవాళ్ళు కూర్చుంటారు. స్టేజీ ఉండదు, టికెట్టు ఉండదు. వాళ్ళ కుర్చీల్లో కూర్చోవద్దు, ఎవరైనా ఒంటరిగా పాట ఎత్తుకుంటే మాట్లాడవద్దు, అంతే మర్యాద. మామగారు గిన్నిస్ బీరు రుచి చూస్తానంటే నువ్వేం చూడనట్టు ఉండు.

ఆదివారం అసలు తిండి. పొద్దున టిఫిన్ తక్కువ తినండి. మధ్యాహ్నం భోజనానికి మొదట చౌడర్ తెప్పించు. మీగడతో చిక్కగా చేసిన చేపల సూపు, అందులో పొగ పెట్టిన చేప ముక్కలు, మసల్స్ అనే గుల్లలు, బంగాళాదుంపలు. పక్కన గోధుమరంగు సోడా బ్రెడ్డు, వెన్న. మనవాళ్ళకి మొదటి చెంచాకి చప్పగా అనిపిస్తుంది. మిరియాల పొడి దట్టంగా చల్లుకుంటే దారికొస్తుంది. మీ అత్తగారి సంచిలో ఆవకాయ సీసా ఎలాగూ ఉంటుంది, దాన్ని హోటల్లో బయటికి తీయనివ్వకు. రూముకొచ్చాక అదే సోడా బ్రెడ్డుకి వెన్న దట్టంగా రాసి, పైన ఆవకాయ ఊట పూసుకుని తింటే ఎలా ఉంటుందో నేను చెప్పను.

ఆల్చిప్పల గురించి అడిగావు. ఇక్కడ రెండు రకాలు. గాల్వేకి పేరు తెచ్చింది చదునుగా, గుండ్రంగా ఉండే నాటు రకం. అది సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకానే. దాని కోసమే 1954 నుంచి సెప్టెంబరులో పెద్ద పండగ చేస్తున్నారు. జూన్‌లో దొరికేది పసిఫిక్ రకం, అది ఏడాది పొడుగునా పెంచుతారు. నాటువే అని ఎవరైనా ఈ నెలలో చెప్తే నమ్మకు. పచ్చివి తినాలనుంటే నువ్వూ కోడలూ చెరో రెండు తెప్పించుకోండి. నిమ్మచెక్క పిండుకుని, గుటుక్కున మింగకుండా రెండుసార్లు నమిలితేనే తీపి తెలుస్తుంది. మామగారికి షుగరు ఉందన్నావు కదా, ఆయనకి పచ్చివి వద్దే వద్దు. ఆ వయసులో అలాంటి ప్రయోగాలు ప్రమాదం. గ్రిల్ మీద కాల్చినవి ఉంటే సరే. నన్నడిగితే ఆల్చిప్పలకి ఇంత మోజు అక్కర్లేదు. ఒక గిన్నెడు మసల్స్ వెల్లుల్లి వేసి ఉడికించి ఇస్తారు, ధరా తక్కువ, రుచీ ఎక్కువ. అడుగున మిగిలిన పులుసులో బ్రెడ్డు ముంచుకుని గిన్నె తుడిచెయ్యొచ్చు.

ఫిష్ అండ్ చిప్స్ కోసం కీ స్ట్రీట్‌లో మెక్‌డొనాస్ ఉంది, 1902 నుంచి అదే కుటుంబం. పొట్లం కట్టించుకుని స్పానిష్ ఆర్చ్ దగ్గర నది ఒడ్డుకి పొండి. కూర్చునేముందు పైన చూసుకో. ఇక్కడి సీగల్స్ మన కాకుల్ని మించినవి, వెనక నుంచి వచ్చి చేతిలో ముక్క ఎగరేసుకుపోతాయి. గోడకి వీపు ఆనించి కూర్చుంటే వాటి ఆటలు సాగవు. ఆ కమాను 1584లో కోటగోడకి కలిపి కట్టారు. 1755లో లిస్బన్ భూకంపం రేపిన అలలు ఇంత దూరం వచ్చి దాన్ని కొంత పడగొట్టాయి. కాకినాడలో ఉప్పెనల కథలు విని పెరిగిన మామగారు ఆ మాట వినగానే నిన్ను నాలుగు ప్రశ్నలు వేస్తారు, కాస్త చదువుకుని రా. ఎదురొడ్డు క్లాడా, ఒకప్పటి జాలరి పల్లె. చేతులూ గుండే కిరీటం ఉండే ఉంగరం అక్కడిదే. అదృష్టం బాగుంటే తారు పూసిన నల్లటి చెక్క పడవలు, ఎర్రమట్టి రంగు తెరచాపలతో రేవులో కట్టి ఉంటాయి. హంసలు గుంపులుగా ఉంటాయి. మిగిలిన బ్రెడ్డు వాటికి పడెయ్యకండి, వాటికి మంచిది కాదు.

తిరుగు రైలు సాయంత్రానిది తీసుకో. గుర్రప్పందాల వారం జులై చివర్లో వస్తుంది, ప్లాన్ మారి అటు జరిగితే మాత్రం రూములు దొరకవు, దొరికినా ధర చూసి కళ్ళు తిరుగుతాయి. జూన్‌కే ఉంచు. శుక్రవారం ఆరింటికి నలుగురికీ బల్ల ఇప్పుడే బుక్ చెయ్, ఆ టైములో చాలాచోట్ల తక్కువ ధర మెనూ ఉంటుంది. రైలు టైము నాకు వాట్సాప్‌లో పెట్టు, స్టేషన్‌కి వస్తాను. మీ పెద్దమ్మ ఆదివారం రాత్రికి పులిహోర కట్టిస్తానంటోంది, రైల్లో తిందురుగాని. అత్తగారికీ మామగారికీ నా నమస్కారాలు చెప్పు, కోడలికి ఆశీస్సులు.

మీ పెదనాన్న