పౌర్ణమి నాటి పోటు

అమ్మాయీ,

ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రిటనీ మీద నీ యాత్రావ్యాసం అందింది. నాలుగో పేజీ దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. సెప్టెంబరు పౌర్ణమి నాటి సాయంత్రం సెయింట్ మాలో కోటగోడ కింద నుంచి గ్రాండ్ బే దీవికి నడిచి వెళ్ళామనీ, ఫ్రెంచి రచయిత షాటోబ్రియాన్ సమాధి దగ్గర సూర్యాస్తమయం చూశామనీ, అప్పుడే లేచిన చంద్రుడి వెలుగులో నడిచి వెనక్కి వచ్చామనీ రాశావు. చదవడానికి హాయిగా ఉంది. జరగడానికి వీల్లేదు.

ఏ రేవులోనైనా పౌర్ణమికీ అమావాస్యకీ పోటు నిండే వేళ దాదాపు మారదు. సెయింట్ మాలోలో ఆ వేళ, గంట ముందుకి జరిపిన వేసవి గడియారం ప్రకారం, ఉదయం 8 ప్రాంతం, మళ్ళీ రాత్రి 8 ప్రాంతం. సెప్టెంబరు చివర్లో అక్కడ పొద్దు గుంకేదీ ఇంచుమించు అప్పుడే. నువ్వు చంద్రోదయం చూశానన్న ఘడియలో దీవికి వెళ్ళే, ఆటులో మాత్రమే తేలే రాళ్ళబాట మీద మనిషి మునిగే నీళ్ళుంటాయి. దీవి మీద చిక్కుకుంటే, నీళ్ళు తీసి బాట తేలేదాకా గంటల తరబడి అక్కడే కూర్చోవాలి.

వెన్నెల కావాలంటే తిథి మార్చు. శుక్ల అష్టమి ప్రాంతంలో ఆటు సాయంత్రానికి వస్తుంది, సగం చంద్రుడు అప్పటికే ఆకాశంలో ఉంటాడు. అయితే అది చిన్న ఆటు. నీరు అంతగా దిగదు, బాట ఎంతసేపు తేలి ఉంటుందో ఆ రోజు పట్టికలో చూసుకోవాలి. కృష్ణ అష్టమికి జరిపితే మళ్ళీ పప్పులో కాలేస్తావు. ఆ రోజు చంద్రుడు లేచేది నడిరాత్రి.

ఆటుపోట్ల పట్టిక పక్కన లేకుండా ఆ తీరం గురించి ఒక్క పేరా కూడా రాయకూడదని నా పట్టుదల. మన విశాఖలో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు, గడియారం చూడకుండా రాసినా చెల్లుతుంది. సెయింట్ మాలోలో పెద్ద రోజుల్లో అది 12 మీటర్లు దాటుతుంది. పొద్దున పడవ తేలిన చోట మధ్యాహ్నానికి ఇసుక ఉంటుంది. "మేం వెళ్ళేసరికి సముద్రం ఉంది" అంటే అక్కడ ఏ అర్థమూ లేదు.

పట్టికలో రెండు వరుసలు చూడు. ఒకటి వేళ. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. కొన్ని పట్టికలు ఏడాదంతా శీతాకాలపు గడియారంతోనే అచ్చేస్తారు. సెప్టెంబరులో వాటికి ఒక గంట కలుపుకోవాలి, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. రెండోది కోఎఫిషెంట్. ఆ రోజు పోటు ఎంత పెద్దదో చెప్పే అంకె ఇది, బ్రిటనీలోని బ్రెస్ట్ రేవుకి లెక్కగట్టి ఫ్రాన్సు అట్లాంటిక్, ఇంగ్లీష్ ఛానల్ తీరాలన్నిటికీ వాడతారు, 20 నుంచి 120 దాకా. 70 మామూలు, 100 దాటితే ఊరు ఊరంతా బకెట్లతో గుల్లలకి దిగుతుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర, అంటే సరిగ్గా నువ్వు వెళ్ళిన రోజుల్లో, ఏడాదిలోకెల్లా పెద్ద అంకెలు పడతాయి. అదీ సరిగ్గా పౌర్ణమి నాడు కాదు, తర్వాతి విదియ ప్రాంతంలో.

నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో ఎక్కదు. 12 మీటర్ల పోటైతే మొదటి గంటలో 1 మీటరు, రెండో గంటలో 2, మూడు నాలుగు గంటల్లో మూడేసి, తర్వాత 2, ఆఖర్న 1. మధ్య గంటల్లో నిమిషానికి 5 సెంటీమీటర్లన్నమాట. పైగా ముందునుంచి రాదు, వెనకున్న పల్లపు కాలవలు ముందు నిండుతాయి. గుల్లలేరే వాళ్ళు ఆటు అడుగంటడానికి గంటన్నర ముందు దిగి, అడుగంటిన వేళకే వెనుదిరుగుతారు. నాలుగు సెంటీమీటర్లకి తక్కువున్న పలూర్ద్ అనే రకం గుల్లని తిరిగి ఇసుకలో పెట్టేస్తారు. ఇవి రాస్తే నీ "ఉప్పొంగే అలల సంగీతం" అక్కర్లేదు.

అంకెలు చూస్తే పాఠకుడు పారిపోతాడని ఒక సంపాదకుడు నా వ్యాసాల్లో నీటిమట్టాలన్నీ కొట్టేసి, ఆ ఖాళీలో "ప్రకృతి ఒడిలో" అని చేర్చేవాడు. ఇప్పుడు ఆ ఒడి పోయి "తప్పక చూడాల్సిన పది చోట్లు" వచ్చాయి. నీ వ్యాసంలోనూ ఆ పది ఉన్నాయి. అందులో మూడోది, మాంట్ సెయింట్ మిషెల్, బ్రిటనీలోది కాదు, నార్మండీది.

సెయింట్ మాలో దగ్గరి కాంకాల్ రేవులో "అప్పుడే పట్టిన" స్కాలప్స్ గుల్లలు తిన్నానన్నావు. ఫ్రాన్సులో వాటి వేట మే 15 నుంచి అక్టోబరు 1 దాకా బంద్. నీ పళ్ళెంలోవి ఐసుపెట్టెలోంచి వచ్చి ఉంటాయి. సెప్టెంబరులో అక్కడ తినాల్సింది ఆయిస్టర్ గుల్ల. వేసవిలో గుడ్డుతో పాలలా ఉండే గుల్ల అప్పటికి మళ్ళీ గట్టిపడుతూ ఉంటుంది. అక్కడ ఎక్కువగా అమ్మే గరుకు చిప్ప ఆయిస్టర్‌కి నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 3వ నంబరు 66 నుంచి 85 గ్రాములు, 5 చిన్నది. పెద్దవి కావాలని 5 అడిగి మోసపోయామంటే లోపం అమ్మినవాడిది కాదు.

బ్రిటనీవాళ్ళ అట్టు గాలెట్‌ని దోశ అనేసి ఊరుకున్నావు. దోశపిండి పులిసి పట్టు తెచ్చుకుంటుంది. ఇక్కడ పులియబెట్టడం తప్పనిసరి కాదు. పావుకిలో బక్‌వీట్ (కుట్టు) పిండి, అర లీటరు నీళ్ళు, చెంచాడు కల్లుప్పు, చేత్తో బాగా గిలక్కొట్టి నానబెట్టడం, అంతే. బక్‌వీట్‌లో పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ లేదు, పెనం చాలినంత కాగకపోతే తిప్పేటప్పుడు చిరుగుతుంది.

ఐదున్నరకి సూర్యోదయమన్నావు, అదీ దిద్దు. లండన్‌కి కూడా పడమరగా ఉన్న ఆ తీరం బెర్లిన్ గడియారంతో నడుస్తుంది. సెప్టెంబరు చివర్లో పొద్దు పొడిచేది 8 ప్రాంతంలో.

ఇక నువ్వు వదిలేసింది. బ్రిటనీలోనే లోరియాన్ దగ్గరి పోర్ట్ లూయీ కోటలో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ మ్యూజియం ఉంది. ఆ కంపెనీ 1669లో మచిలీపట్నంలో కొట్టు తెరిచింది. మన తీరం నుంచి పోయిన అద్దకం బట్టలు ఎటు చేరాయో తెలియాలంటే తెలుగువాళ్ళు వెళ్ళాల్సిన చోటు అది. నీ పది చోట్లలో అది లేదు.

కోటగోడ కింద తడిసి నల్లబడ్డ ఓక్ దుంగల గురించి రాసిన మూడు వాక్యాలు ముట్టుకోకు.

పుస్తకంగా వేయాలా, ముందుమాట ఎవరిచేత రాయించాలి అన్నవాటికి ఇప్పుడు తొందరేం లేదు. తిరగరాసి పంపు. ప్రతి పేరా పక్కన తేదీ, తిథి, ఆ రోజు పోటు వేళ, కోఎఫిషెంట్ మార్జిన్‌లో వేసి ఉండాలి. అచ్చుకిచ్చేటప్పుడు కావాలంటే చెరిపేద్దువుగాని. ఫోటోలు వద్దు.