గుడి తోట పని తలపెట్టిన మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ దీవెనలు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మీ చర్చి గుడి ముందున్న ఖాళీ స్థలాన్ని ఊరందరూ వచ్చి కూర్చునే తోటగా మార్చాలన్న నీ ఆలోచన నాకెంతో సంతోషంగా ఉంది. కానీ అమ్మా, మధ్యలో లాన్, చుట్టూ అశోక చెట్ల వరస, గోడ వారగా నాలుగు బల్లలు! ఫోటోలో బాగుంటుంది. ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం అక్కడ ఎవరు నిలబడగలరు చెప్పు?

ప్లాన్ గీయడం కొన్నాళ్లు ఆపు. మామూలు రోజుల్లో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో. బడి వదిలేవేళ పిల్లల కోసం ఎండలో నిలబడే అమ్మలు, ఆటోవాళ్లు, బుట్ట దించుకోవడానికి చోటు వెతుక్కునే పూలమ్మి కనిపిస్తారు. ఇక్కడ ఏముంటే లోపలికి వస్తారని వాళ్లనే అడుగు. మా పేటలో అలా అడిగితే పూలమొక్కలు కావాలన్నవాళ్లు లేరు. నీడ, నీళ్లు అన్నారు. ఆడవాళ్లయితే బాత్‌రూమ్ అన్నారు. అది లేకపోతే ఏ తోటలోనూ ఆడవాళ్లు పది నిమిషాలకు మించి కూర్చోరు. ఫౌంటెన్‌కి దాచిన డబ్బు దానికి పెట్టు.

నీళ్ల సంగతి కాస్త ఎక్కువే చెబుతాను. మన తాతముత్తాతలను ఊరి చెరువులో కుండ ముంచనివ్వలేదు. ఎవరైనా పైనుంచి పోస్తే దోసిలి పట్టుకుని తాగారు. మనలాంటి క్రైస్తవ సంఘాలు చాలావాటి వెనక ఆ చరిత్ర ఉంది. అందుకే మంచినీళ్ల కుళాయి గుడి లోపల వద్దు. ప్రహరీ గోడకే, రోడ్డు వైపు పెట్టించు. గేటు మూసి ఉన్నా నీళ్లు అందాలి. వేసవిలో పక్కనే పందిరి వేసి చలివేంద్రం పెట్టండి, స్త్రీల సమాజంవాళ్లు కుండలు నింపుతారు. అక్కడ బ్యానర్ మీద కమిటీవాళ్ల ఫోటోలు మాత్రం వేయించొద్దు.

చెట్ల విషయానికొస్తే, మీ గుడి గేటు పడమటి వైపు కాబట్టి సాయంత్రం ఎండంతా ముందు స్థలం మీదే పడుతుంది. ఆ వైపు వేప, కానుగ నాటు. కానుగ ఆకు రాల్చినా ఎండలు ముదిరేలోపు కొత్తాకు తొడుగుతుంది. నేరేడు కూడా వేయి, కానీ బల్లలకూ బండ్లు ఆపే చోటుకీ దూరంగా. పండు రాలితే మరక పోదు. అశోక చెట్టు నిటారుగా పెరుగుతుందే గానీ కింద నీడనివ్వదు. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు ఊసెత్తొద్దు. పచ్చగన్నేరు విషం, పసిపిల్లలు తిరిగే చోట వద్దు. నందివర్ధనం, మల్లె, పారిజాతం చాలు. కడియం నర్సరీలకి వెళ్తే కళ్లు చెదిరి లారీ నింపుకొస్తారు. మనిషెత్తు వేప, కానుగ మొక్కలు తెచ్చుకుని, మిగిలినవాటికి సంఘస్థుల ఇళ్ల నుంచి అంటు మొక్కలు అడుగు. ఇప్పుడున్న ముసలి వేపను మాత్రం ఎవరేమన్నా కొట్టనివ్వకు.

డోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన పెద్ద గుడిని వీలైతే ఒకసారి చూసిరా. స్తంభాలు మన దేవాలయాల మండపాల్లా ఉంటాయి, గుమ్మటాలు మసీదులను గుర్తుచేస్తాయి. ఈ నేలలో పుట్టినవాళ్లకి ఇది మనదే అనిపించాలని అలా కట్టారు. నీ తోట కూడా అలా అనిపించాలని నా కోరిక. లాన్‌కి బదులు చెట్టు చుట్టూ రచ్చబండలాంటి అరుగు కట్టించు. ఎదురెదురుగా కూర్చుంటేనే మాటలు కలుస్తాయి. ముసలివాళ్ల కోసం అడుగున్నర ఎత్తులో, వీపు ఆనుకోవడానికీ చేతులు ఊతం పట్టి లేవడానికీ వీలుండే బల్లలు కొన్ని ఉండాలి. 'జ్ఞాపకార్థం' పేర్లు రాయించమని కుటుంబాలు అడుగుతాయి. బల్ల వెనకవైపు చిన్న అక్షరాలతో రాయించు.

మీది నల్లరేగడి. వేసవిలో నెర్రెలిస్తుంది, వానకి ఉబ్బుతుంది. నేల మీద నేరుగా టైల్స్ పరిస్తే రెండేళ్లలో ఎగుడుదిగుడై ముసలమ్మలు పడిపోతారు. పైమట్టి తీయించి, గ్రావెల్ పోసి గట్టిగా దిమ్మిస కొట్టించాకే దారి వేయాలి. మెట్ల పక్కన ర్యాంప్ అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండాలి. మేస్త్రీ కుదించేస్తానంటాడు, ఒప్పుకోకు.

ఇక కమిటీలో గొడవ. 'తాగుబోతులు చేరతారు, పార్కింగ్ ఎలా, పెళ్లిళ్లకి పందిరి ఎక్కడ' అంటారు. పార్కింగ్, పందిళ్ల చోటు ముందే గీసి చూపించు. సాయంత్రం లైట్లు, తెరిచే మూసే వేళలు, ఒక మనిషి కాపలా ఉంటే మొదటి భయం చాలావరకు తీరుతుంది. ఎవరైనా మరీ బిగుసుకుంటే బైబిల్‌లో లేవీయకాండం 19వ అధ్యాయం చదవమను. పొలం అంచులు పూర్తిగా కోయకండి, పరిగె ఏరుకోకండి, బీదలకూ పరదేశులకూ వదలండి అని ఉంది అందులో. కోతల పండుగకి ఏటా మనం గుమ్మడికాయలు వేలం పాడుకుంటూనే ఉన్నాం, ఆ మాట కూడా పాటించాలి కదా. ఇంకొకటి, నీడకని వచ్చిన మనిషి చేతిలో కరపత్రం పెట్టొద్దని యవ్వనస్థులకి నువ్వే గట్టిగా చెప్పు. అలసి వచ్చినవాళ్లని ప్రశాంతంగా కూర్చోనివ్వాలి.

మొక్కలు నాటడానికి తొలకరి మంచిది. నాటే రోజు అందరూ వస్తారు, మే నెలలో నీళ్లు పోయడానికి ఎవరూ ఉండరు. మొదటి రెండు వేసవులు నీళ్లు పోసే మనిషికి జీతం ఎంతో, ఏ పద్దు నుంచో మినిట్స్‌లో రాయించాకే గుంతలు తీయించు.

కొత్త ప్లాన్‌లో కుళాయి, బాత్‌రూమ్, ర్యాంప్ ఎక్కడెక్కడో కొలతలతో సహా గుర్తు పెట్టి పంపు. పాస్టర్ అయ్యగారికి నా వందనాలు చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ