ఎంఈసీ చదివి ఫిజిక్స్ క్లాసులో పడ్డ బుజ్జికి

బుజ్జీ,

మొదటి క్విజ్‌లో పదికి మూడు వచ్చాయని ఏడ్చావట, మీ అమ్మ చెప్పింది. టెన్త్ తర్వాత ఫిజిక్స్ పుస్తకం ముట్టుకోలేదు, ఇంటర్‌లో ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్), తీరా అమెరికాలో కంప్యూటర్ సైన్స్ అని చేరితే మొదటి ఏడాదే కాలిక్యులస్‌తో కలిపిన ఫిజిక్స్ నెత్తిన పడింది. కష్టమే, కాదనను. కానీ నీ చేతిలో ఏమీ లేదనుకోకు. ఇంటర్ మ్యాథ్స్ 1ఏ పేపర్లో వెక్టర్లు చేశావు కదా, ఆ డాట్ ప్రొడక్టే ఇక్కడ వర్క్, ఆ క్రాస్ ప్రొడక్టే టార్క్. 1బీలో చేసిన డెరివేటివ్‌లే వేగం, త్వరణం. నీ పక్కన కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంటిగ్రేషన్ ఇప్పుడిప్పుడే మొదలుపెడుతుంటారు.

నువ్వు తప్పుతున్నది లెక్కలో కాదు, లెక్కకి ముందు. నువ్వు పంపిన ఫొటోలు చూశా. ప్రశ్న చదవగానే ఫార్ములా షీట్‌లో ఏదో ఒకటి పట్టుకుని అంకెలు వేసేస్తున్నావు. ముందు బొమ్మ గీయి. ఆ లిఫ్ట్ లెక్కే తీసుకో: 60 కిలోల మనిషి తూకం మిషన్ మీద నిలబడ్డాడు. మనిషిని ఒక చుక్క అనుకో, కిందికి భూమి లాగే బాణం 588 న్యూటన్లు, పైకి మిషన్ తోసే బాణం ఒకటి. ఇక మూడో బాణం లేదు. లిఫ్ట్ పైకి 2 మీ/సె² త్వరణంతో వెళ్తుంటే ఆ తోపు 588 + 60×2, అంటే 708. అదే లిఫ్ట్ ఒకే వేగంతో పైకి పోతుంటే? నువ్వు 588 కంటే ఎక్కువ రాశావు, పైకి పోతోంది కాబట్టి పైకి బలం ఎక్కువుండాలని. కాదు, సరిగ్గా 588. వేగం మారనప్పుడు రెండు బాణాలూ సమానం. ఈ ఒక్కటి ఒంటికి పట్టేదాకా తర్వాతి చాప్టర్ జోలికి పోకు.

కాలిక్యులేటర్ కూడా చూసుకో. మనకి ఇంటర్ పరీక్షల్లో దాన్ని ముట్టుకోనివ్వరు కాబట్టి నీకు అలవాటు లేదు. సైన్ 30 కొడితే 0.5 రావాలి, -0.988 వచ్చిందంటే అది డిగ్రీల్లో కాదు, రేడియన్లలో ఉంది.

వీడియోలు ఆపి ఆపి చూడు. ఊరికే చూస్తూ పోతే అంతా వచ్చేసినట్టే ఉంటుంది, తెల్ల కాగితం ముందు కూర్చుంటే తెలుస్తుంది అసలు సంగతి.

పీహెచ్‌డీ రోజుల్లో నేను టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఉన్నప్పుడు, పిల్లలు డౌట్లు అడగడానికి పెట్టే ఆఫీస్ అవర్స్‌లో ఒక్కణ్ణే ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి, పరీక్ష ముందు రోజు మాత్రం వరండా దాకా క్యూ. నువ్వు ఈ వారమే వెళ్లు. ఏమీ అర్థం కాలేదని చెప్తే వాళ్లూ ఏమీ చేయలేరు, సగం చేసిన లెక్క చూపించి ఇక్కడ ఆగిపోయానని చెప్పు.

కోర్సు వదిలేస్తానన్నావు. విత్‌డ్రా చివరి తేదీ చూసి పెట్టుకో, తప్పులేదు. కానీ నీది ఎఫ్1 స్టూడెంట్ వీసా, సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు తగ్గకూడదు, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగకుండా ఏమీ నొక్కకు.

ఆదివారం వీడియో కాల్ చెయ్. తాడు తెగి లిఫ్ట్ కిందికి పడిపోతుంటే ఆ మిషన్ ఎంత చూపిస్తుందో బొమ్మ గీసి ఉంచు.

బాబాయ్