అమ్మాయిని ఐసీయూలో వేశారు, మానిపించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. ఫ్రెషర్ అయినా నేరుగా ఐసీయూలో వేశారు. నెలన్నరగా రోజూ ఫోన్‌లో ఏడుపే. వార్డుకి మార్పించమంటారా, మానిపించి జర్మనీలో ఉద్యోగం కోసం జర్మన్ భాష కోచింగ్‌లో చేర్పించమంటారా? ఏది మేలు?
- ఓ తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, వార్డా జర్మనీయా అని అడిగారు గానీ, మీ గుండెల్లో ఉన్న భయం వేరు. పిల్ల చేతిలో ఎవరి ప్రాణానికైనా ముప్పు వస్తే? ఆ భయం మీ అమ్మాయికీ ఉంది. ఉండాలి కూడా. నెలన్నరకే ఐసీయూలో బెరుకు లేకుండా తిరిగే ఫ్రెషర్‌ని చూస్తేనే ఇన్‌ఛార్జి సిస్టర్లు కంగారుపడతారు. మీ అమ్మాయి పనికిరానిదేం కాదు.

ముందు ఏడుపు దేనికో తెలుసుకోండి. పని కష్టమనా, పక్కన చెప్పేవాళ్లు లేరనా? బీపీ నిలబెట్టే నార్‌ఎడ్రినలిన్ సంగతే చూడండి. 50 మి.లీ. సిరంజిలో 4 మి.గ్రా. ఉంటే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల రోగికి కిలోకు నిమిషానికి 0.1 మైక్రోగ్రాము చొప్పున ఇవ్వమంటే, సిరంజిలోని మందును నెమ్మదిగా ఎక్కించే పంపులో గంటకు 4.5 మి.లీ. పెట్టాలి. ఈ లెక్క కాలేజీలో నేర్చుకున్నదే. కానీ సిరంజి ఖాళీ అయ్యాక కొత్తది కలుపుతూ కూర్చుంటే ఈలోపే బీపీ పడిపోతుంది, అందుకే రెండోది ముందే కలిపి లేబుల్ వేసి ఉంచాలి. అదే లైన్లో వేరే ఇంజెక్షన్ తోస్తే ట్యూబులో ఉన్న మందంతా ఒక్కసారే లోపలికెళ్లి బీపీ ఎగబాకుతుంది. వెంటిలేటర్ అలారం మోగితే మెషీన్ కంటే ముందు రోగిని చూడాలి. హై ప్రెషర్ అలారం అయితే కఫం అడ్డుపడిందా, ట్యూబు మడతపడిందా, రోగి కొరుకుతున్నాడా? లో ప్రెషర్ అలారం అయితే ఎక్కడైనా ఊడిందా, లీకవుతోందా? ట్యూబులోంచి కఫం లాగే సక్షన్ ఒక్కోసారి 15 సెకన్లు దాటకూడదు. ఇవన్నీ సీనియర్ పక్కన నిలబడి చేయిస్తేనే చేతికి వస్తాయి.

కాబట్టి అమ్మాయిని తన ఇన్‌ఛార్జిని అడగమనండి. మొదటి వారాలు రోగిని తనొక్కదానికే అప్పగించకుండా సీనియర్‌తో జత చేశారా? నైట్‌లో కూడా ఆ జత ఉంటోందా? ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటి, తేడా వస్తే ప్రమాదమైన మందులను ఇద్దరు సరిచూసి సంతకం పెడుతున్నారా? వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ప్రమాణం. ఫ్రెషర్‌కి అలాంటివాళ్లను ముగ్గురిని అప్పగిస్తుంటే వార్డు కాదు, ఆసుపత్రే మార్చాలి. జత ఉంటే మాత్రం ఆరు నెలలు ఆగండి, అక్కడే నిలదొక్కుకుంటుంది.

ఇంకోమాట, కటువుగానే చెబుతాను. నర్సింగ్ సూపరింటెండెంట్‌కి మీరు ఫోన్ చేయకండి. నైట్ డ్యూటీలు వేయొద్దని ఎవరిచేతా చెప్పించకండి. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న నర్సుని స్కూలు పిల్లలా చూస్తే తోటి సిస్టర్ల ముందు తలెత్తుకోలేదు. నైట్ చేసొచ్చి పడుకున్న పిల్లని పదింటికల్లా ఫోన్ చేసి లేపడం కూడా మానండి. సగం ఏడుపు నిద్రలేకే.

ఇక జర్మనీ. ఇప్పుడందరూ అటే పరుగెడుతున్నారు, నాకు మాత్రం గట్టి అనుమానాలున్నాయి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, కావాలి. మన డిగ్రీలో తక్కువనిపించిన వాటికి అక్కడ అదనపు శిక్షణో పరీక్షో ఉంటుంది. గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి పనీ, ఆ జీతమే. రోగికి స్నానం చేయించడం, తినిపించడం ఇక్కడ ఎక్కువగా ఆయాలూ ఇంటివాళ్లూ చూసుకుంటారు, అక్కడ అదీ నర్సు పనే. తెలుగులో హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతులు తర్వాతి నర్సుకి అప్పజెప్పడం) ఇవ్వడానికే గొంతు వణుకుతున్న పిల్ల రేపు జర్మన్‌లో ఇవ్వాలి. పైగా ఉద్యోగం మాని ఏడాది ఇంట్లో భాష చదివితే, నేర్చిన కాస్త చేతిపనీ జారిపోతుంది. వెళ్లొద్దనను. ఐసీయూలో ఏడాది, రెండేళ్లు చేశాక వెళ్తే ఎక్కడైనా విలువుంటుంది.

ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే మంగళగిరి సహా ఎయిమ్స్‌లలో నర్సు ఉద్యోగాలకు నార్‌సెట్ అనే పరీక్ష ఉంది. బీఎస్సీ వాళ్లకు అనుభవం అడగరు, డ్యూటీ చేస్తూనే చదవచ్చు. ఆసుపత్రికైనా, ఏజెంటుకైనా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇచ్చి రావద్దని చెప్పండి, జిరాక్సులు చాలు.